బంటురీతి కొలువు – బ్యాండు కచేరి

సాయంకాలం ఆరు గంటలు దాటిన తరువాత అమీరుపేట మైత్రీవనం ముందు పది నిమిషాలు నిలబడి చూచినవారికి తెలుగు జిల్లాల యౌవనమంతా అక్కడికే నడిచి వచ్చినదా అనిపిస్తుంది. శ్రీకాకుళం నుండి, అనంతపురం నుండి, ఖమ్మం నుండి వచ్చిన పట్టభద్రులు కంప్యూటరు శిక్షణాలయాల మెట్లు దిగి హాస్టళ్ల దారి పడుతుంటారు. గోడ కానరాకుండ బోర్డులు. బోర్డుల నిండ కోర్సుల పేర్లు. కాలిబాట మీద ఇడ్లీ దోసెల బండ్లు. తలల మీదుగా 2017లో మొదలైన మెట్రో రైలు. అక్కడ నుండి పంజగుట్ట వైపు సాగినకొద్దీ ఆ సందడి హెచ్చుతుందే కాని తగ్గదు. ఆ నడిచేవారిలో సగం మంది చెవులకు ఇయర్‌ఫోన్లు తగిలించుకొని ఉంటారు. బయటి హోరు తమను బాధించకుండ మరియొక హోరును చెవిలో నింపుకొని పోతున్నారని పెద్దలు పరిహసిస్తారు.

ఆ చెవులలో మోగేవన్నీ సినిమా పాటలే అనుకోవడం తొందరపాటు. వాటిలో కొన్నింట త్యాగరాజస్వామి కృతి కూడ మోగుతున్నది. అయితే ఆ కృతికి తంబురా నాదం ఆధారం కాదు. మృదంగం తోడు కాదు. విద్యుత్ గిటారు, కీబోర్డు, డ్రమ్ములు దానికి పక్కవాద్యాలు. బెంగుళూరుకు చెందిన 'అగం' అనే బృందం ఇటువంటి గానానికి దేశమంతట పేరు పొందినది. 2003లో ఏర్పడిన ఈ బృందం తమది కర్ణాటక ప్రోగ్రెసివ్ రాక్ సంగీతమని చెప్పుకుంటుంది. 2012లో వెలువడిన వీరి తొలి ఆల్బంలో హంసనాద రాగంలోని 'బంటురీతి కొలువు' ఉన్నది. 2017లో వచ్చిన రెండవ ఆల్బంలో నళినకాంతి రాగంలోని 'మనవ్యాలకించరాదటే' ఉన్నది. ప్రధాన గాయకుడు హరీశ్ శివరామకృష్ణన్ కేరళీయుడు. బృందంలో చాలామంది పగలు కంప్యూటరు సంస్థలలో పనిచేస్తూ, మిగిలిన వేళలలో సాధన చేసి పైకి వచ్చినవారు. అనగా అమీరుపేటలో నేడు నోటుపుస్తకం చేతబట్టి తిరుగుతున్న యువకులు ఏ ఉద్యోగాల కోసం పాటుపడుతున్నారో ఆ ఉద్యోగాలు చేసినవారే ఈ పాటలను పాడినారు. హైదరాబాదులో వీరి కచేరి జరిగినపుడు వేలాది యువజనులు కుర్చీలు వదలి, నిలబడి, చేతులెత్తి, త్యాగయ్య పల్లవిని గొంతెత్తి అందుకుంటారు.

ఇది అపచారమా, ఉపకారమా? ఈ ప్రశ్నకు సంగీతాభిమానులు రెండు పక్షాలుగా చీలి సమాధానం చెప్తున్నారు. నాదోపాసన చేసిన మహానుభావుని కృతిని రంగురంగుల దీపాల మధ్య చిందులకు అప్పగించడం పాపమని ఒక పక్షం. ఏ రూపంలోనైనా సరే, పాతికేళ్ల కుర్రవాని నోట త్యాగయ్య పేరు పలికించడం పుణ్యమని రెండవ పక్షం. ఇరుపక్షాల వాదనలోను కొంత సత్యం లేకపోలేదు. కాని ఇరువురును అసలు చూడవలసిన చోటు చూడడం లేదు. వారు వాద్యాలను గురించి తగవులాడుతున్నారు. ఆలోచించవలసినది వాక్కును గురించి.

మొదట ఈ పద్ధతి ఎక్కడ పుట్టినదో తెలుసుకోవడం మంచిది. 1960 దశకం చివర ఇంగ్లండులో కొందరు రాక్ వాద్యకులకు మూడు నిమిషాల ప్రేమపాటలతో తృప్తి తీరలేదు. దీర్ఘమైన రచనలు, అనేక భాగాలు, కఠినమైన లయలు వారికి కావలసినవి. అందుకోసం వారు తమ దేశాల శాస్త్రీయ సంగీతాన్ని ఆశ్రయించినారు. దీనికే ప్రోగ్రెసివ్ రాక్ అని పేరు వచ్చినది. ఈ మార్గంలో మిక్కిలి ప్రసిద్ధమైన ప్రయోగం ఎమర్సన్, లేక్ అండ్ పామర్ అనే ముగ్గురి బృందానిది. రష్యా వాగ్గేయకారుడనలేము కాని స్వరకర్తలలో అగ్రగణ్యుడైన ముసోర్గ్‌స్కీ, తన మిత్రుడు హార్ట్‌మన్ అనే చిత్రకారుడు మరణించగా, అతని చిత్రాల ప్రదర్శన చూచి చలించి, 1874లో పియానో మీద వాయించే ఒక రచన చేసినాడు. ప్రదర్శనశాలలో ఒక పటం నుండి మరియొక పటానికి నడిచే నడక కూడ ఆ రచనలో ఒక స్వరభాగమై మళ్లీ మళ్లీ వస్తుంది. 1922లో ఫ్రెంచి స్వరకర్త రవెల్ దానిని పూర్తి వాద్యబృందానికి అనువుగా మలచినాడు. ఆంగ్లబృందం ఆ రచనలోని కొన్ని పటాలను మాత్రమే ఎన్నుకొని, 1971 మార్చి 26న న్యూకాసిల్ నగరంలోని సిటీ హాలులో శ్రోతల ఎదుట వాయించినది. ఆ హాలులో ఉన్న పెద్ద పైప్ ఆర్గన్‌ను, అప్పటికి కొత్తదైన మూగ్ సింథసైజరును ఒకే కచేరిలో కలిపినారు. ఆ కచేరియే ఆ ఏడాది రికార్డుగా వెలువడినది. శాస్త్రీయ సంగీత పండితులలో కొందరు ముఖం చిట్లించినారు. అయినను ఆ రికార్డు విని ముసోర్గ్‌స్కీ పేరు తొలిసారి తెలుసుకొన్నవారు ప్రపంచమంతట ఉన్నారు.

ఆ బృందం చరిత్రలోనే మరి రెండు సంగతులు గమనింపదగినవి. 1970లో వచ్చిన తమ తొలి రికార్డులో వారు హంగరీ స్వరకర్త బార్తోక్ రచననొకదానిని వాడుకొని, మొదట ఆయన పేరు చెప్పక తమ పేరే వేసుకొన్నారు. అది విమర్శకు గురియైనది. 1973 నాటికి వారికి బుద్ధి వచ్చినది. అర్జెంటీనా స్వరకర్త హినాస్తేరా రచనను మార్చి వాయించినపుడు స్వయంగా ఆయనకు వినిపించి సమ్మతి పొందినారు. ఒకే బృందం మూడేళ్లలో నేర్చుకొన్న పాఠమిది: అనుసరణ తప్పు కాదు, మూలాన్ని మరుగుపరచడం తప్పు.

మన సంప్రదాయం ఈ విషయంలో ఎన్నడును తలుపులు మూసుకొని కూర్చోలేదు. ముత్తుస్వామి దీక్షితులు ఆంగ్లేయుల బ్యాండు బాణీలు విని, వాటికి సంస్కృత సాహిత్యం కూర్చి నొట్టుస్వరాలు రచించినారు. ఇంగ్లండు రాజగీతం బాణీలో 'సంతతం పాహిమాం' అని అమ్మవారిని స్తుతించినారు. వారి తమ్ముడు బాలుస్వామి దీక్షితులు పాశ్చాత్యుల వయొలిన్‌ను నేర్చి మన గానానికి తెచ్చినారు. నేడు వయొలిన్ లేని కర్ణాటక కచేరిని ఊహించగల సంప్రదాయవాది ఎవరైనా ఉన్నారా? ద్వారం వెంకటస్వామినాయుడుగారి చేతిలో ఆ వాద్యం తెలుగువాడి వాద్యమైపోయినది. పాలకొల్లు బాలుడు ఉప్పలపు శ్రీనివాస్ విద్యుత్ మాండొలిన్ మీద త్యాగరాజ కృతులు వాయించినపుడు మొదట సందేహించినవారే తరువాత తలలూపినారు. కచేరి అని నేడు మనం పిలుస్తున్న వరుస కూడ, వర్ణంతో ఆరంభించి మంగళంతో ముగించేది, ఇరవయ్యవ శతాబ్దంలో అరియక్కుడి రామానుజయ్యంగారి కాలంలో స్థిరపడినదే. త్యాగయ్య సభలలో పాడలేదు. తిరువయ్యారు వీధులలో ఉంఛవృత్తి చేస్తూ పాడినాడు. వీధిలో పుట్టిన పాటను వీధిలోకి తెచ్చినారని నింద వేయడం న్యాయం కాదు.

ఇక్కడ 'శంకరాభరణం' చిత్రం స్మరణకు రాక తప్పదు. 1980లో వెలువడిన ఆ చిత్రంలో శంకరశాస్త్రి తన వీధిలో అల్లరి చేస్తున్న పాశ్చాత్య బాణీ కుర్రవాళ్లను ఎదుర్కొనే ఘట్టం తెలుగువారందరికీ తెలిసినదే. శాస్త్రి వారికి కర్రతో బదులు చెప్పడు, స్వరంతో చెప్తాడు. ఆ ఘట్టాన్ని చాలామంది పాశ్చాత్య సంగీతానికి పరాజయంగా తలుస్తారు. నిజానికి అక్కడ ఓడినది గిటారు కాదు. సాధన లేని అహంకారం. సాధన ఉన్న గిటారు శంకరశాస్త్రి ముందు కూడ తల దించుకోనక్కరలేదు.

అయితే సాధన ఎంత ఉన్నను, ఒక వాద్యసముదాయం నుండి మరియొక దానికి మారినపుడు కొంత పోతుంది, కొంత వస్తుంది. ఏది పోయినదో ఏది వచ్చినదో తెలుసుకోవడమే విమర్శ. మన రాగానికి ప్రాణం గమకం. స్వరం ఒకచోట నిలువదు. పక్క స్వరాన్ని తాకి, ఊగి, జారి వస్తుంది. కీబోర్డులోని మెట్లు కదలవు. గిటారు తీగెను సాగదీసి కొంతవరకు జారుడు తేవచ్చును గాని, డ్రమ్ముల ఘోష నడుమ ఆ సూక్ష్మం చెవికి అందదు. అందువల్లనే ఇటువంటి బృందాలు సాధారణంగా తోడి, బేగడ వంటి గమకభూయిష్ఠమైన రాగాలలోని చౌకకాలపు కృతుల జోలికి పోవు. ఐదు స్వరాలతో నిటారుగా నిలిచే హంసనాదం, ఆరోహణలో వక్రగతితో చురుకుగా నడిచే నళినకాంతి వారికి అనువైనవి. మధ్యమకాలపు నడక డ్రమ్ములకు నచ్చుతుంది. త్యాగరాజ కృతులలో అనేకం తాళం వేసిన వెంటనే గాక, కొంత జాగు చేసి ఎత్తుకుంటాయి. ఆ ఎడుపులోని చమత్కారం, బలమైన తాళం మీద మోజుపడిన రాక్ శ్రోతకు కొత్త రుచి. కావున ఈ బృందాల ఎన్నిక గుడ్డిది కాదు; తెలిసి చేసినదే.

వచ్చినదేమో కూడ చెప్పాలి. సంగతులు ఒకదానిపై ఒకటి పేరుకొంటూ పల్లవిని పెంచుకొనిపోయే త్యాగయ్య శిల్పానికి, మెల్లగా ఆరంభమై మిన్నుముట్టే రాక్ నిర్మాణానికి దగ్గర చుట్టరికం ఉన్నది. ఆ పెరుగుదలను ఈ వాద్యాలు పదింతలు చేసి చూపగలవు. అంతకుమించి, కచేరిలో మౌనంగా కూర్చునే శ్రోత ఇక్కడ తానును పాడుతాడు. భజన గోష్ఠిలో ఉండి, సభలలో మనం పోగొట్టుకొన్న గుణమిది. యువకులు పల్లవిని అందుకొని పాడుతున్నపుడు అందులో భక్తి ఎంత, ఉత్సాహమెంత అని తూచడానికి త్రాసు ఎవరి దగ్గర ఉన్నది?

ఇంతవరకు న్యూకాసిల్ కచేరికి, మన బ్యాండు కచేరికి పోలిక నడిచినది. ఇక మీద నడవదు. ముసోర్గ్‌స్కీ రచనలో మాట లేదు. అందులో మార్చినవన్నీ స్వరాలే. పోయినా వచ్చినా స్వరాలే. ఆంగ్లబృందంలోని గ్రెగ్ లేక్ దానికి కొన్ని మాటలు కొత్తగా చేర్చినాడు కూడ. త్యాగయ్య సంగతి అట్లా కాదు. ఆయన వాగ్గేయకారుడు. వాక్కును గేయాన్ని ఒకే ఊపిరిలో కన్నవాడు. అందులో సగాన్ని తీసివేస్తే మిగిలేది సగం కాదు; మరొక వస్తువు. ఆ సగమే ఇప్పుడు ప్రమాదంలో ఉన్నది. చిత్రమేమనగా, దానిని ప్రమాదంలో పడవేసినది గిటారు కాదు.

'మనవ్యాలకించరాదటే' అన్న ఎత్తుగడనే చూడండి. మనవి అన్నదొక మాట. ఆలకించరాదటే అన్నది రెండవ మాట. నా మనవి వినరాదా అని కవి తన మనస్సును బుజ్జగిస్తున్నాడు. ఆ 'రాదటే'లో చనువున్నది, వేడికోలున్నది, ఇంటిలోని ఆడపడుచును పిలిచినంత మార్దవమున్నది. ఈ కృతి పేరును చాలాచోట్ల 'మనవ్యాలకించరా' అని కత్తిరించి వేస్తున్నారు. కత్తిరించిన చోట అర్థం తలక్రిందులైనది. వినరాదటే అన్న మెత్తని ప్రశ్న, వినరా అన్న మోటు ఆజ్ఞగా మారినది. మనస్సును ఆడుదానిగా పిలిచిన పిలుపు మగవానిని గదమాయించే కేక అయినది. ఈ కత్తిరింపు బ్యాండువారు చేసినది కాదు. శుద్ధ సంప్రదాయ కచేరుల పట్టికలలో కూడ ఇది కనిపిస్తుంది. తెలుగు రానివారు చేసినారనుకొని క్షమింపవచ్చును. తెలుగువారు చదివి, తప్పు తోచక, పుట తిప్పుతున్నారే, దానికి ఏమనాలి?

'బంటురీతి కొలువు' సంగతి మరింత ఆలోచింపదగినది. ఆ ఆల్బంలో దీనికి పెట్టిన ఆంగ్ల నామానికి 'సరస్వతి హంసలు' అని అర్థం. రాగం పేరులోని హంస ఆ నామంలోనికి వచ్చినట్లు తోస్తుంది. కృతిలోని బంటు మాత్రం రాలేదు. ఆ బంటు ఎవరు? రాజు వాకిట నిలిచే భటుడు. అతనికి ఉడుపు ఉండాలి, గుర్తు ఉండాలి, ఆయుధం ఉండాలి. త్యాగయ్య ఆ మూడింటిని అడుగుతున్నాడు. ఒడలు పులకరించడమే తన కవచమట. రామభక్తుడనన్న మాటయే తన ముద్రబిళ్లయట. రామనామమే తన ఖడ్గమట. వీటితో కామాది శత్రువులను కూల్చే బంటు ఉద్యోగాన్ని తనకు దయచేయమంటున్నాడు. పాత కచ్చేరీలలో ఇత్తడి బిళ్ల తగిలించుకొని తిరిగే బిళ్లబంట్రోతును చూచిన తరం వారికి ఈ రూపకం విప్పి చెప్పనక్కరలేదు. ఆ బంట్రోతు ఈ బంటుకు వారసుడే. నేటి యువకుని మెడలో వేలాడే సంస్థ గుర్తింపుకార్డు ఆ ముద్రబిళ్లకు వారసురాలు.

సంప్రదాయం మరియొక మాట చెప్తుంది. తంజావూరు రాజు శరభోజి కొలువునకు పిలిచి కానుకలంపగా త్యాగయ్య నిరాకరించినాడట. రాజకొలువును కాదన్నవాడు రాముని కొలువును అడుక్కున్నాడు. అందుకే ఆ చిన్నమాటలో అంత బరువున్నది. ఇప్పుడు ఆ మాటను అమీరుపేటకు తెచ్చి చూడండి. తెలంగాణ పలుకుబడిలో కొలువు అంటే నేటికిని ఉద్యోగమే. దినపత్రికలు కొలువుల ప్రకటనలని వేస్తాయి. ఊరు విడిచి, ఇరుకు గదిలో నలుగురితో కలిసి ఉండి, తల్లిదండ్రుల అప్పు తలచుకొంటూ ఈ వీధులలో తిరుగుతున్న ప్రతి యువకుడును కొలువు కోసం వచ్చినవాడే. వాని చెవిలో మోగుతున్నది ఒక కొలువు దరఖాస్తు. తెలుగుభాషలో ఇంతవరకు వ్రాయబడిన కొలువు దరఖాస్తులలో అంతటి ఆత్మగౌరవం గలది, అంతటి వినయం గలది మరొకటి లేదు. ఆ పాటను వాడు వందసార్లు విన్నాడు. డ్రమ్ములు ఎక్కడ ఆగుతాయో, గిటారు ఎక్కడ లేస్తుందో వానికి కంఠస్థం. తానేమి అడగడానికి ఈ నగరానికి వచ్చినాడో అదే మాట పాటలో ఉన్నదని మాత్రం వానికి తెలియదు. ఎవరును చెప్పలేదు.

సంగీతం భాషకు అతీతమని, అర్థం తెలియకనే ఆనందించవచ్చునని కొందరంటారు. అది పరభాషీయుల విషయంలో ఒప్పుకోదగిన మాట. ఇటలీ భాష రానివారు ఆ భాషలోని నాటకగానాన్ని విని కన్నీరు పెట్టుకొనవచ్చును. కేరళీయుడు తెలుగు కృతిని శ్రమపడి నేర్చి వేల మందికి వినిపిస్తున్నాడు. అతనికి మనం కృతజ్ఞులం. ఉచ్చారణలో చిన్న దోషముంటే వెదకి వేలెత్తి చూపడం మన పెద్దరికానికి తగదు. కాని తన మాతృభాషలోని మాటనే పరభాషా ధ్వనివలె విని ఆనందించే స్థితి తెలుగువానికి వచ్చినదంటే, దానిని సంగీతం సాధించిన విజయమనుకోవడం ఆత్మవంచన.

1940 దశకంలో తమిళదేశంలో ఒక ఉద్యమం లేచినది. కచేరులలో తెలుగు, సంస్కృత కృతులే పాడుతున్నారు, మాకు అర్థం కావడం లేదు, మా భాషలో పాడండి అని అక్కడివారు అడిగినారు. అణ్ణామలై విశ్వవిద్యాలయం అండ నిలిచినది. 1943లో మద్రాసులో తమిళ్ ఇశై సంఘం వెలసినది. ఆ నాడు తెలుగువారిలో పలువురు నొచ్చుకొన్నారు. నేడు నిదానంగా ఆలోచిస్తే ఆ తమిళుల కోరికలోని మూలసూత్రం ఆరోగ్యకరమైనదని ఒప్పుకోక తప్పదు: విన్నది అర్థం కావాలి. వారు అర్థం కాలేదని గొడవ చేసినారు. మనకు అర్థం కాకపోయినా గొడవ చేయాలని తోచడం లేదు. ఇరువురిలో భాషాభిమానులెవరో పాఠకులే నిర్ణయించవచ్చును.

తెలుగు గేయవాఙ్మయ చరిత్రలో దీనికి సరిగా ఎదురైన కథ ఒకటి ఉన్నది. తాళ్లపాక అన్నమాచార్యుని పదాలు వేలకొలదిగా రాగిరేకులపై చెక్కబడి తిరుమలలో భద్రంగా నిలిచినవి. రేకులపై రాగాల పేర్లున్నవి గాని స్వరాలు లేవు. బాణీలు కాలగర్భంలో కలిసినవి. మాట మిగిలి పాట పోయినది. అపుడు రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు, వారి తరువాత మరికొందరు, ఆ మాటలను చదివి, భావం పట్టి, తగిన స్వరాలు కూర్చి ప్రాణం పోసినారు. నేడు ఇంటింట వినిపించే అన్నమయ్య బాణీలు చాలావరకు ఇరవయ్యవ శతాబ్దంలో పుట్టినవే. పోయిన పాటను తిరిగి కట్టుకోగలిగినాము. ఎందుకనగా మాట మిగిలినది. త్యాగయ్య విషయంలో జరుగుతున్నది దీనికి విపర్యయం. శిష్యపరంపర బాణీలను కాపాడినది, గ్రంథస్థం చేసినవారున్నారు, వేలకొలది రికార్డులున్నవి, ఇప్పుడు బ్యాండులు కూడ వచ్చినవి. పాట చిరంజీవి. మాట పోతున్నది. పాట పోతే రాళ్లపల్లివారి వంటివారు వచ్చి కట్టి ఇచ్చినారు. మాటకు అర్థం పోతే దానిని కట్టి ఇవ్వగలవారు ఎవరు?

ఒకే సమాధానం ఉన్నది: బడిపంతులు.

తెలంగాణ రాష్ట్రం 2018లో చట్టం చేసి ఒకటవ తరగతి నుండి పదవ తరగతి వరకు అన్ని పాఠశాలలలోను తెలుగు బోధనను తప్పనిసరి చేసినది. అది మంచి పని. కాని పది దాటి ఇంటర్మీడియట్ మెట్టు ఎక్కగానే, మార్కులు దండిగా వస్తాయని సంస్కృతం తీసుకొని తెలుగును వదలివేయడం మన పిల్లలకు రివాజైనది. సంస్కృతం మీద ప్రేమతో కాదు సుమా; ఆ పిల్లలలో చాలామందికి సంస్కృతం కూడ రాదు. పదహారేళ్ల వయస్సున, కవిత్వం అర్థమయ్యే ఈడు వచ్చిన సమయాన, భాషతో బంధం తెగిపోతున్నది. ఆ తరువాత ఇంజనీరింగు, ఆ తరువాత అమీరుపేట. మధ్యలో ఎక్కడో చెవికి తగిలిన త్యాగయ్య, పాపం, గిటారు సాయంతో కూడ ఆ తెగిన దారాన్ని ముడివేయలేకపోతున్నాడు.

ఈ పరిస్థితిలో ఉపాధ్యాయుడు బ్యాండును శత్రువుగా చూడరాదు. అది తెరచి ఇచ్చిన తలుపు. తొమ్మిదవ తరగతి పిల్లవానికి త్యాగయ్యను గురించి ఉపన్యాసమిస్తే ఆవులిస్తాడు. వాడు ఇదివరకే ఇష్టపడి వింటున్న పాటను తరగతిలో వినిపించి, అందులో బంటు అంటే ఎవడు, బిళ్ల అంటే ఏమిటి, కవచం దేనితో చేసినాడు అని అడిగి చూడండి. వాడు ముందుకు వంగి కూర్చుంటాడు. మనవి, ఆలకించరాదటే అని నల్లబల్లపై విడదీసి వ్రాసి, 'ఆలకించరా' అంటే ఏమి తేడా వచ్చినదని అడగండి. సంధి, సంబోధన, వాక్యభేదం అన్నీ ఒక్క పల్లవిలో పాఠమైపోతాయి. అదే కృతిని మంగళంపల్లి బాలమురళీకృష్ణగారి వంటి తెలుగు విద్వాంసులు పాడిన సంప్రదాయ పద్ధతిలోను, బ్యాండు పద్ధతిలోను పక్కపక్కన వినిపించి, మాట ఎక్కడ స్పష్టంగా వినవచ్చినది, ఎక్కడ వాద్యంలో మునిగినది చెప్పమనండి. దానికన్న మంచి విమర్శ పాఠం మరొకటి లేదు. పాఠ్యప్రణాళిక ఒత్తిడి, పరీక్షల భారం ఉన్నవన్న మాట నిజమే. వారానికి పావుగంట చాలును. ఆ పావుగంట దొరకని బడిలో తక్కిన గంటలు దేనికి ఖర్చవుతున్నవో పెద్దలు విచారించవలసి ఉంటుంది.

బృందాలవారికి కూడ ఒక విన్నపం చేయవచ్చును. వారి వేదికల వెనుక పెద్ద పెద్ద తెరలుంటాయి. వాటిపై రంగులు, జ్వాలలు, నక్షత్రాలు ఆడుతుంటాయి. తెలుగునగరంలో తెలుగు కృతి పాడినపుడు ఆ తెరపై సాహిత్యాన్ని తెలుగు లిపిలో, పదాలు సరిగా విడదీసి, చూపినందువల్ల ఏ జ్వాలయును ఆరిపోదు. వాగ్గేయకారుని పేరు పెద్ద అక్షరాలతో వేస్తే ఏ నక్షత్రమును రాలదు. బార్తోక్ విషయంలో ఆంగ్లబృందం చేసిన పొరపాటు మన బృందాలు చేయడం లేదు; త్యాగరాజ కృతియని చెప్పియే పాడుతున్నారు. ఇంకొక అడుగు వేయమని అడగడం అత్యాశ కాదు. చిక్కడపల్లి త్యాగరాయ గానసభ మొదలుకొని మన సంప్రదాయ సభలును ఈ పని చేయవచ్చును. బ్యాండువాడు చేయలేదని నిందించే ముందు సభవారు తాము చేస్తున్నారా అని చూచుకోవాలి. పట్టికలో రాగం పేరు, తాళం పేరు వేసి, అర్థానికి ఒక్క పంక్తి చోటు దొరకని ఆహ్వానపత్రాలు ఎన్ని లేవు?

సంప్రదాయాన్ని కాపాడడమంటే దానిని గాజుపెట్టెలో పెట్టడం కాదని పెద్దలు ఎప్పుడో చెప్పినారు. పెట్టె పగులగొట్టి బజారులో పెట్టడం కూడ కాదని ఇప్పుడు చేర్చుకోవలసి వచ్చినది. దానిని చేతికి అందించాలి. అందించేటపుడు అది ఏమిటో చెప్పి అందించాలి. వయొలిన్‌ను మనం తీసుకొన్నపుడు దానిని మన ఒడిలో కూర్చుండబెట్టి, మన గమకం నేర్పి, మన మాట పలికించినాము. గిటారుకు కూడ ఆ పని జరుగవచ్చును. కొంత జరుగుతున్నది. కాని మాట నేర్పవలసినవాడికి ముందు మాట వచ్చి ఉండాలి.

పంజగుట్ట వంతెన క్రింద రాకపోకలు నిలిచిపోయిన సాయంకాలాన, బస్సు కిటికీ పక్కన కూర్చున్న ఒక యువకుని చెవిలో నళినకాంతి మోగుతున్నదనుకొందాము. రేపు వానికి ఏదో సంస్థలో ముఖాముఖి పరీక్ష ఉన్నది. మనస్సు నిలువడం లేదు. సరిగా ఆ క్షణాన, రెండు శతాబ్దాల వెనుకటి ఒక తెలుగువాడు తన నిలువని మనస్సుతో, నా మనవి వినరాదా, మర్మమంతా చెప్తానని బతిమాలుతున్నాడు. గిటారు తన పని తాను చేసి ఆ గొంతును అంత దూరం తెచ్చి చెవి దగ్గర విడిచినది. చెవి నుండి మనస్సుకు ఉన్న ఆ జానెడు దూరం నడిపించే బాధ్యత తెలుగు బడిది.